తోట నుంచి తెచ్చిన యాపిల్స్ చలికాలం దాకా దాచుకోవడం ఎలా

సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే వెళ్ళి బడులు మొదలైన రెండు మూడు వారాలు అమెరికాలోని మిషిగన్ తోటల్లో తెలుగు మాటలు బాగా వినిపిస్తాయి. నోవై, ట్రాయ్, కాంటన్ నుంచి పిల్లల్ని కార్లలో ఎక్కించుకుని వెళ్తాం. చెట్టు మీది కాయ కోసి అక్కడే కొరుకుతాం. సగం బుషెల్ సంచి నింపుకుని ఇంటికొస్తాం. సగం బుషెల్ అంటే దాదాపు 24 పౌండ్లు, మన లెక్కలో 11 కిలోలు. మధ్యరకం కాయలైతే 70 దాకా తూగుతాయి. సోమవారం నుంచి బస్సు వేళ, హోమ్‌వర్కు, టిఫిన్ డబ్బాలు మొదలవుతాయి. రోజుకు నాలుగు కాయలు తిన్నా మూడో వారానికి సంచి అడుగువి మెత్తబడతాయి, ఒకటి కుళ్ళి పక్కవాటికి అంటిస్తుంది. నేను రెండేళ్ళు వరసగా సగం సంచి పారేశాను. చెట్టున చేత్తో కోసిన కాయను చెత్తబుట్టలో వేయడం మనసుకు కష్టంగా అనిపించి ఈ పద్ధతి పెట్టుకున్నాను.

దాచుకోవడం మనకు కొత్త విద్యేమీ కాదు. మామిడికాయను ఆవకాయ పెట్టి, ఒరుగులు చేసి, తాండ్ర పోసి ఏడాదంతా తిన్న ఇళ్ళ నుంచే వచ్చాం. అక్కడ ఆ పని ఉప్పు, నూనె, ఎండ చేశాయి. ఇక్కడ సెప్టెంబరులో ఆ ఎండ లేదు, యాపిల్‌కు మామిడికున్న పీచూ పులుపూ లేవు. కాబట్టి ఆ పనిని మరుగునీళ్ళకూ, సన్నటి వేడిగాలికీ, ఫ్రిజ్‌కూ అప్పజెప్పాలి. చేతికి అలవాటైన కొన్ని పద్ధతులు ఇక్కడ పనికిరావు. అవి ఎక్కడెక్కడ పనికిరావో ఆయా చోట్ల చెబుతాను.

తోటలోనే మొదలు

కాయను లాగొద్దు. అరచేతిలో పట్టుకుని పైకెత్తి కొంచెం తిప్పితే ముచ్చికతో సహా వస్తుంది. ముచ్చిక ఊడిన చోట కుళ్ళు తొందరగా మొదలవుతుంది. సంచిలోకి విసరొద్దని పిల్లలకు ముందే చెప్పండి; ఇవాళ్టి చిన్న దెబ్బ వారం తిరిగేసరికి గోధుమరంగు మచ్చ అవుతుంది. నేల రాలినవి ఎంత బాగా కనిపించినా వదిలేయండి. జింకలూ పక్షులూ తిరిగే నేల అది, వాటి రెట్టల నుంచి వచ్చే క్రిములు కాయ మీద ఉండిపోవచ్చు.

ఏ రకం కోస్తున్నారో తోటవాళ్ళను అడిగి, ప్రతి సంచి మీదా రాసుకోండి. ఇంటికొచ్చాక ఎరుపన్నీ ఒకేలా కనిపిస్తాయి. మెకింటాష్ ఉడికితే ఇట్టే మెత్తబడుతుంది, అందుకే సాస్‌కు దాన్ని మించింది లేదు. గాలా, హనీక్రిస్ప్ పచ్చిగా తినడానికి బాగుంటాయి. జోనథన్‌లో పులుపు ఉంటుంది, వంటకు మంచిది. అక్టోబరులో వచ్చే ఫుజీ, ఐడా రెడ్ లాంటివి గట్టివి, చలికాలంలో నెలల తరబడి నిలుస్తాయి. చలికాలానికి పచ్చి కాయలు దాచాలనుకుంటే అక్టోబరులో మరోసారి వెళ్ళండి. సెప్టెంబరు మొదట్లో వచ్చే రకాలు అంతకాలం ఆగవు.

ఆ సాయంత్రమే ఏరాలి

ఈ గైడ్‌లో ఒక్క పనే చేయగలిగితే ఇది చేయండి. ఎంత అలసిపోయినా సంచిని మూలన పెట్టి పడుకోవద్దు. నేల మీద పాత దుప్పటి పరిచి కాయలన్నీ పోయండి. పిల్లలు ఈ పని ఇష్టంగా చేస్తారు.

మచ్చలేనివి, ముచ్చిక ఉన్నవి ఒక పక్కకు తీయండి. ఇవి పచ్చిగా ఉంచుకునేవి. దెబ్బ తగిలినవి, వంకరవి మరో పక్కకు. వీటిని రెండు రోజుల్లో ఉడికించాలి. చిన్నవి, గట్టివి ఒరుగులకు. పుల్లటివి పచ్చడికి. బూజు కనిపించినవి మాత్రం పారేయండి. బూజు వరకూ కోసి మిగతాది సాస్‌లో వేద్దామనిపిస్తుంది కానీ, యాపిల్ మీద పెరిగే కొన్ని బూజుల విషం కండలోకి దిగుతుంది, వేడికి పూర్తిగా పోదు.

24 పౌండ్లలో మా ఇంట్లో లెక్క ఇలా ఉంటుంది: 8 పౌండ్లు పచ్చిగా తినడానికి, 9 సాస్‌కు, 4 ఒరుగులకు, మిగిలిన 3 పచ్చడికీ ఫ్రీజర్‌కూ. తాండ్రను సాస్‌లోంచే తీస్తాం.

పచ్చిగా దాచేవి

కడగొద్దు. తడి ఉంటే పాడవుతాయి. తినే ముందు కడుక్కోవచ్చు. చిల్లులున్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. యాపిల్‌కు నచ్చేది 32 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గరి చలి, 90 శాతం పైన తేమ. ఇంటి ఫ్రిజ్ అంత చల్లగా ఉండదు, అయినా బల్ల మీద వారంలో పిండిపిండి అయ్యే కాయ ఫ్రిజ్‌లో నెల దాటి కరకరలాడుతుంది.

యాపిల్స్‌ను కొత్తిమీర, పాలకూర, దోసకాయ, క్యారెట్ ఉన్న అరలో పెట్టకండి. పండే కాయ ఇథిలీన్ అనే వాయువు వదులుతుంది. దానికి ఆకుకూరలు పసుపెక్కుతాయి, క్యారెట్ చేదెక్కుతుంది. వారానికోసారి సంచి తెరిచి, మెత్తబడిన కాయ ఉంటే తీసేయండి. అక్టోబరు చివర్లో కొన్న గట్టి రకాలను ఒక్కొక్కటీ న్యూస్‌పేపర్లో చుట్టి అట్టపెట్టెలో పేర్చి, వేడి చేయని గరాజ్‌లో ఉంచొచ్చు. గరాజ్‌లో చలి 30 డిగ్రీల కిందికి దిగే రోజులు రాగానే లోపలికి తెచ్చేయండి, గడ్డకట్టిన కాయ మళ్ళీ బాగుపడదు.

సాస్: సీసాల్లో పెట్టే పద్ధతి

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు దీనికి కేటాయించండి. 9 పౌండ్ల కాయలకు పైంటు సీసాలు 6 దాకా వస్తాయి. పైంటు అంటే దాదాపు అర లీటరు, క్వార్టు అంటే దాదాపు లీటరు.

కావలసినవి: మేసన్ జార్లు (ఈ పనికే చేసిన గాజు సీసాలు), వాటికి కొత్త మూతలు, రింగులు, సీసాలు మునిగేంత లోతైన గిన్నె, దాని అడుగున పెట్టే జాలీ, సీసాలు ఎత్తే పట్టకారు. మూతలో రెండు భాగాలుంటాయి. చదునుగా ఉండి అంచున రబ్బరు లాంటి పూత ఉన్నది ఒక్కసారికే పనికొస్తుంది. మర ఉన్న రింగును ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. ఖాళీ అయిన పచ్చడి సీసాలూ జామ్ సీసాలూ ఈ పనికి వద్దు.

ముందు సీసాలను సబ్బుతో కడిగి, వేడినీళ్ళలోనే ఉంచండి. చల్లటి సీసాలో మరిగే సాస్ పోస్తే పగులుతుంది.

కాయలు కడిగి, తొక్క తీసి, నాలుగు చెక్కలు చేసి, మధ్యలో గింజల గూడు తీసేయండి. మూడు పౌండ్ల తియ్యటి కాయలకు ఒకటి రెండు పౌండ్ల పుల్లవి కలిస్తే రుచి బాగుంటుంది. కోసినవి నల్లబడకుండా నీళ్ళలో వేస్తూ ఉండండి. ఒక గాలన్ (దాదాపు 3.8 లీటర్ల) నీళ్ళలో టీస్పూను ఆస్కార్బిక్ యాసిడ్ పొడి, అంటే విటమిన్ సి, కలిపితే రంగు మారదు. కోయడం అంతా అయ్యాక ముక్కలు వడగట్టి, మందపాటి గిన్నెలో వేసి, అరకప్పు నీళ్ళు పోసి, కలుపుతూ ఉడికించండి. రకాన్ని బట్టి 5 నుంచి 20 నిమిషాలు పడుతుంది.

ఇక్కడే మన అలవాటు ఒకటి అడ్డుకోవాలి. కుక్కర్లో వేసి రెండు విజిల్స్ రానిద్దామనిపిస్తుంది. వద్దు. యాపిల్ గుజ్జు నురగెత్తి పొంగి ఆవిరి దారిని మూసేస్తుంది. ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు ప్రెషర్ కుక్కర్ అయినా అంతే. మూత లేని గిన్నెలోనే ఉడికించండి.

మెత్తబడ్డాక పప్పుగుత్తితో మెదపండి. పిల్లలకు నున్నగా కావాలంటే జల్లెడలో రుద్దండి. చక్కెర మీ ఇష్టం, లేకపోయినా నిలవకు లోటు రాదు. దాల్చినచెక్క పొడి చిటికెడు, లేదా మా ఇంట్లోలాగా యాలకుల పొడి వేసుకోవచ్చు. నెయ్యి, వెన్న, కార్న్‌ఫ్లోర్, అరటిపండు మాత్రం సీసాల్లో పెట్టే సాస్‌లో వేయకండి. యాపిల్ గుజ్జులో సహజంగా ఉన్న పులుపే ప్రాణాంతకమైన బాట్యులిజం క్రిమిని పెరగనివ్వదు. మరుగునీళ్ళ పద్ధతి ఆ పులుపు మీదే ఆధారపడి ఉంది. అరటిపండు లాంటివి కలిస్తే ఆ పులుపు పలచబడుతుంది. కొవ్వూ పిండీ కలిస్తే వేడి సీసా నడిమి దాకా సరిగా చేరదు.

ఇప్పుడు సాస్‌ను మళ్ళీ మరిగించి, మరుగుతుండగానే సీసాల్లో పోయండి. పైన అర అంగుళం ఖాళీ వదలండి. సన్నటి చెక్కపుల్లను అంచు వెంట దించి గాలిబుడగలు పోగొట్టండి. సీసా మూతిని శుభ్రమైన తడిగుడ్డతో తుడవండి. అక్కడ చుక్క సాస్ ఉన్నా మూత అతుక్కోదు. చదును మూత పెట్టి, రింగును వేళ్ళతో తిప్పగలిగినంతే బిగించండి. బలంకొద్దీ బిగిస్తే లోపలి గాలి బయటికి పోలేదు.

సీసాలను వేడినీళ్ళ గిన్నెలో జాలీ మీద నిలబెట్టండి. నీళ్ళు మూతల పైన ఒక అంగుళమైనా ఉండాలి. గిన్నె మీద మూత పెట్టి, నీళ్ళు తెర్లుతూ మరగడం మొదలయ్యాకే గడియారం చూడండి. పైంటు సీసాలకు 15 నిమిషాలు, క్వార్టు సీసాలకు 20. ఇది 1000 అడుగుల ఎత్తు వరకే. డెట్రాయిట్ సుమారు 600 అడుగుల ఎత్తున ఉంది కాబట్టి అక్కడ ఈ లెక్క సరిపోతుంది. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి, అందుకే ఎక్కువసేపు ఉంచాలి. 1001 నుంచి 3000 అడుగుల దాకా పైంట్లకు 20, క్వార్టులకు 25 నిమిషాలు. 3001 నుంచి 6000 దాకా పైంట్లకు 20, క్వార్టులకు 30. డెన్వర్‌లో ఉన్నవాళ్ళది 5280 అడుగులు, ఈ లెక్క వాళ్ళకు. హైదరాబాద్‌లో సిమ్లా, కాశ్మీర్ యాపిల్స్ చవగ్గా దొరికే రోజుల్లో ఎవరైనా ఇదే చేయాలనుకుంటే, ఆ ఊరు సముద్రమట్టానికి 500 మీటర్ల (దాదాపు 1640 అడుగుల) పైన ఉంది, కాబట్టి పైంటుకు 20 నిమిషాలు పెట్టండి.

సమయం అయ్యాక పొయ్యి ఆపి, మూత తీసి 5 నిమిషాలు ఆగి, సీసాలను నిటారుగా ఎత్తి తువ్వాలు మీద దూరం దూరంగా పెట్టండి. కాసేపటికి ఒక్కొక్క మూతా టక్కుమంటూ లోపలికి కుంగుతుంది. ఆ చప్పుడు లెక్కపెట్టడం మా పిల్లల వంతు. 12 నుంచి 24 గంటలు వాటిని కదపొద్దు, రింగులు మళ్ళీ బిగించొద్దు. మర్నాడు మూత నడుమ వేలితో నొక్కండి. కదలకపోతే అతుక్కున్నట్టు. పైకీ కిందికీ కదిలితే ఆ సీసా ఫ్రిజ్‌లో పెట్టి ముందు తినేయండి. అతుక్కున్నవాటి రింగులు తీసి, తుడిచి, తేదీ, రకం రాసి చీకటి అల్మారాలో ఉంచండి. ఏడాదిలోపు వాడుకోవడం మంచిది. తెరిచాక ఫ్రిజ్‌లో వారం పది రోజులు.

మరుగుతున్నది సీసాలో పోసి, మూత బిగించి, తలకిందులుగా పెట్టేస్తే చాలనేవాళ్ళున్నారు. అల్మారాలో నెలల తరబడి ఉండాల్సిన వస్తువుకు అది చాలదు. ఇడ్లీ కుక్కర్లోనో ప్రెషర్ కుక్కర్లోనో సీసాలు పెట్టి విజిల్స్ లెక్కపెట్టడమూ అంతే. ఇంత తతంగం వద్దనుకుంటే సాస్ చల్లార్చి డబ్బాల్లో పోసి ఫ్రీజర్లో పెట్టండి. దానికి ఏ లెక్కా అక్కర్లేదు, పైన కొంచెం ఖాళీ వదిలితే చాలు.

ఒరుగులు

మా అమ్మ మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు ముక్కలన్నీ కోసి, చీర పరిచి డెక్ మీద ఎండబెట్టింది. మూడోనాటికి బూజు పట్టాయి. పళ్ళు ఎండలో ఎండాలంటే కనీసం 85 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి, 60 శాతం లోపు తేమ, అదీ వరసగా కొన్ని రోజులు ఉండాలి. మిషిగన్ సెప్టెంబరు చివర్లో అవి మూడూ కలిసి రావు. ఆ మర్నాడే డీహైడ్రేటర్, అంటే సన్నటి వేడిగాలితో ముక్కల్ని ఎండబెట్టే కరెంటు పెట్టె, కొన్నాం.

కాయను గుండ్రంగా పావు అంగుళం లోపు మందాన కోయండి. తొక్క ఉంచొచ్చు, నమిలేటప్పుడు గట్టిగా తగులుతుందంతే. మందం అన్నిటికీ ఒకేలా ఉండడం ముఖ్యం, లేకపోతే పల్చటివి మాడేసరికి లావువి తడిగా ఉంటాయి. నిమ్మరసం, నీళ్ళు సమంగా కలిపి అందులో 10 నిమిషాలు నానబెట్టి, వడగట్టి, ఒకదాని మీద ఒకటి పడకుండా పరచండి. 140 డిగ్రీల దగ్గర 6 నుంచి 12 గంటలు పడుతుంది. బడి ఉన్న రోజుల్లో ఇదే అన్నిటికంటే వీలైన పని. పిల్లలు పడుకున్నాక ముక్కలు పరిస్తే, తెల్లారి టిఫిన్ డబ్బాలు సర్దే వేళకు తయారు. ఓవెన్‌లో అయితే దాదాపు రెట్టింపు సమయం పడుతుంది. చాలా ఓవెన్లు 170 కంటే కిందికి దిగవు, తలుపు కొద్దిగా తెరిచి ఉంచాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ పద్ధతి నేను చెప్పను.

ఒక ముక్క తీసి చల్లారనిచ్చి చూడండి. మడిస్తే తోలులా వంగాలి, అంటుకోకూడదు. చీల్చిన చోట తడి మెరవకూడదు. చల్లారాక గాజు సీసాలో మూడింట రెండు వంతులు నింపి, మూత పెట్టి, వారం పది రోజులు రోజూ ఒకసారి కుదపండి. కొంచెం తడి మిగిలిన ముక్కల నుంచి బాగా ఎండినవి తేమ తీసుకుని అన్నీ సమానమవుతాయి. సీసా లోపల ఆవిరి పట్టినట్టు కనిపిస్తే మళ్ళీ ఎండబెట్టండి. ఈ పది రోజులు ఓపిక పడితే ఆ సీసా చలికాలమంతా నిలుస్తుంది.

తాండ్ర

ఆత్రేయపురం వైపు మామిడి రసాన్ని చాపల మీద పోసి, ఎండనిచ్చి, దాని మీద మళ్ళీ పోసి రోజుల తరబడి పొరలు కడతారు. యాపిల్‌తో అంత మందం రాదు, అవసరమూ లేదు. ఒక్క పొర చాలు.

జల్లెడ పట్టిన సాస్ రెండు కప్పులు తీసుకోండి. మరీ పలచగా ఉంటే పొయ్యి మీద ఇంకాస్త దగ్గరపడనివ్వండి. రెండు టీస్పూన్ల నిమ్మరసం కలపండి. చక్కెర వద్దు, ఎండేకొద్దీ తీపి దానంతటదే చిక్కబడుతుంది. డీహైడ్రేటర్‌తో వచ్చే నున్నటి పళ్ళెంలో గానీ, సిలికాన్ షీటు మీద గానీ అంగుళంలో ఎనిమిదో వంతు మందాన పరచండి. అంచులు ముందు ఎండుతాయి కాబట్టి అంచుల్లో కాస్త ఎక్కువ, నడుమ కాస్త తక్కువ ఉండేట్టు చూడండి. వ్యాక్స్ పేపర్, అల్యూమినియం రేకు వాడితే తాండ్ర వాటికే అతుక్కుపోతుంది. 140 డిగ్రీల దగ్గర 4 నుంచి 10 గంటలు. నడుమ వేలితో తాకితే గుంట పడకూడదు. ఇంకా గోరువెచ్చగా ఉండగానే ఒలిచి, పార్చ్‌మెంట్ కాగితంతో కలిపి చుట్టి, కత్తెరతో ముక్కలు చేయండి. బయట నెల రోజులు, ఫ్రీజర్లో ఏడాది.

అల్లం రసం ఒక చెంచా కలిపి చూడండి. పెద్దవాళ్ళు మామిడి తాండ్రను మరిచిపోరు గానీ దీన్నీ అడిగి తింటారు.

పచ్చడి, ఫ్రీజర్

పచ్చి మామిడి దొరకని ఊళ్ళో పుల్లటి యాపిల్‌తో ఆవకాయ పెట్టుకోవడం ఇక్కడి తెలుగు ఇళ్ళలో మామూలే. తోటలో పుల్ల కాయ దొరక్కపోతే గ్రానీ స్మిత్ కొనండి. పౌండు కాయల్ని తుడిచి, పూర్తిగా ఆరాక, తొక్కతోనే చిన్న ముక్కలు కోయండి. మూడు టేబుల్ స్పూన్ల కారం, రెండు ఆవపిండి, ఒకటిన్నర ఉప్పు, పావు టీస్పూను మెంతిపిండి, ఒక నిమ్మకాయ రసం కలిపి, ఇంగువ వేసి కాచి చల్లార్చిన నువ్వులనూనె మూడో వంతు కప్పు పోయండి. గంటలో ఊట దిగుతుంది. ఇది ఏడాది ఆవకాయ కాదని ఇంట్లో అందరికీ చెప్పండి. యాపిల్‌లో నీరు ఎక్కువ. మొదటి రోజు నుంచీ ఫ్రిజ్‌లోనే ఉంచి వారం పది రోజుల్లో తినేయాలి. మరుగునీళ్ళ సీసాల్లో ఈ పచ్చడి పెట్టొద్దు. నేను ఇందులో వెల్లుల్లి కూడా వేయను, నూనెలో మునిగిన పచ్చి వెల్లుల్లి నిలవకు మంచిది కాదు.

మిగిలిన ముక్కల్ని నిమ్మరసంలో ముంచి, పళ్ళెంలో విడివిడిగా గడ్డకట్టించి, సంచిలోకి మార్చండి. పచ్చిగా తినడానికి మెత్తగా ఉంటాయి. ఓట్స్‌లోకి, కేకులోకి, హల్వాలోకి బాగుంటాయి.

డబ్బాలోకి

చాలా బడుల్లో వేరుశనగ, జీడిపప్పు తేనివ్వరు. అందుకే ఈ ఒరుగులూ తాండ్రా బాగా అక్కరకొస్తాయి. ఒరుగులు నమలడం పెద్ద పిల్లలకే. చిన్నవాళ్ళకు తాండ్రను సన్నగా కోసి పెట్టండి. సాస్‌ను గాజు సీసాతో పంపకుండా చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పోసి, ఐస్ ప్యాక్ పక్కన పెట్టండి. పచ్చి కాయ కోసి పంపే రోజున కప్పు నీళ్ళలో అర టీస్పూను ఉప్పు కలిపి ముక్కల్ని 10 నిమిషాలు ఉంచి, మంచినీళ్ళతో ఒకసారి కడిగి డబ్బాలో సర్దండి. మధ్యాహ్నం దాకా తెల్లగానే ఉంటాయి, ఉప్పు తెలియదు.